మా అమ్మ ఫొటో తీసిన ఉనైసి

మా దీవిలోని లౌతోకా రేవుపట్నంలో కెమెరా పట్టినవాళ్లలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి రావడం ఊరివాళ్ల తప్పు, నాది కాదు. ఒకసారి రేవు దగ్గర సరుకుల పడవ మునిగిపోతోందంటే పరిగెత్తాను. సరిగ్గా అప్పుడే రీలు అయిపోయింది. నేను కొత్త రీలు వేసుకునేదాకా ఆ పడవ మునగకుండా నీళ్ల మీద ఆగింది. కళ్లారా చూసినవాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరు చనిపోయారు, మూడోవాడు న్యూజిలాండ్ వెళ్లిపోయాడు. చక్కెర మిల్లు పొగగొట్టాన్ని నేను తీసిన ఫొటో పేపర్లో చూసి దీవి అవతలున్న సువాలో ఒక పెద్దాయనకి దగ్గు ఆగలేదట.

అంతటివాణ్ణి నేనుండగా, లౌతోకా నుంచి బా దాకా ఎవరింట్లోకి వెళ్లినా గోడ మీద ఉండేది మాత్రం ఉనైసి తీసిన ఫొటో. హిందువుల ఇళ్లల్లో లక్ష్మీదేవి పక్కన, క్రైస్తవుల ఇళ్లల్లో ఏసు పక్కన, సాయబుల ఇళ్లల్లో క్యాలెండర్ కింద. పద్నాలుగేళ్లు ఆ గోడల్ని చూసి నా కడుపు మండింది. ఆ మంటతోనే ఆమె కథ రాస్తున్నాను కాబట్టి ఇందులో పొగడ్త ఎక్కడైనా కనిపిస్తే అది నా చెయ్యి జారి పడిందనుకోండి.

ఉనైసి కోరో దీవిలో పుట్టింది. తండ్రి కొబ్బరి ఎండబెట్టి పడవలకి వేసేవాడు. పంతొమ్మిదో ఏట మిల్లులో పనిచేసే మొగుడి వెంట లౌతోకా వచ్చింది. ఆ మొగుడు కొన్నాళ్లకి మిల్లు మానేసి మత్తెక్కించే యంగోనా వేరు కలిపిన నీళ్ల గిన్నె పక్కన శాశ్వతంగా కూర్చున్నాడు. ఈమె మా వారపత్రిక ఆఫీసులో నేల తుడిచి టీ కాచే పనికి చేరింది. భారీ మనిషి, మెల్లగా నడుస్తుంది, అంతకన్నా మెల్లగా మాట్లాడుతుంది. ఆమె నోట్లోంచి మాట బయటికొచ్చేలోపు నేనైతే ఒక కథ మొదలుపెట్టి ముగించేస్తాను.

ఆ రోజుల్లో ఆఫీసులో ఫొటోలు తీసేవాడు విల్ఫ్రెడ్. ముందురోజు తాగిన యంగోనా దిగక ఒక ఉదయం బల్ల కింద నిద్రపోతున్నాడు. మిల్లులో బాయిలర్ దగ్గర ముప్పై ఆరేళ్లు పనిచేసినాయన ఆ రోజే పని దిగిపోతున్నాడు, ఫొటో కావాలి. ఎడిటర్ తాహిర్ సాబ్ ఇటు చూశాడు, అటు చూశాడు, చీపురు పట్టుకున్న ఉనైసి చేతిలో కెమెరా పెట్టి, "ఇక్కడ నొక్కు" అన్నాడు. ఆమె నాలుగు గంటల తరవాత తిరిగొచ్చింది. మిల్లుకి నడిచి వెళ్తే పది నిమిషాలు. ఒక్క ఫొటోకి నాలుగు గంటలు!

కానీ ఆ ఫొటో అచ్చయ్యాక జనం పేపరు కత్తిరించి దాచుకున్నారు. బాయిలర్ ముందు చిరిగిన బనీనుతో, మసి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్న ఆ ముసలాయన, మిల్లంతా తనదే అన్నట్టున్నాడు. ఆ మర్నాటి నుంచి విల్ఫ్రెడ్ బల్ల కిందే ఉండిపోయాడు. ఏడో పేజీలో 'ఈ వారం మనిషి' అని ఒక శీర్షిక పుట్టింది, దానికి ఉనైసి ఫొటోగ్రాఫర్ అయింది.

నేను చేరేసరికి ఆమె పేరు మోగిపోతోంది. నేను నాలుగో ఫారంలో బడి మానేసినవాణ్ణి. బడే నన్ను మానేసిందని మా అమ్మ అంటుంది కానీ ఆమెకి లెక్కలు రావు. నాందీ ఊళ్లో పెళ్లిళ్ల స్టూడియోలో పని నేర్చుకుని, మోచేయంత లెన్సు కొనుక్కుని మరీ వచ్చాను. అయినా నాకు దక్కినవి రగ్బీ ఆటలు, వరదలు, బోల్తాపడిన లారీలు, రిబ్బన్లు కోసే మంత్రులు. ఆమెకి దక్కింది మనుషులు. చెరకు కొట్టేవాడు, ఆసుపత్రిలో పురుళ్లు పోసే నర్సు, సినిమాహాలు ముందు బొమ్మలు వేసే పెయింటరు, మసీదులో బాంగు చెప్పే ఆయన, సమాధులు తవ్వే సకియూసా. ఒక్కొక్కరూ ఆమె ఫొటోలో దీవికి పెద్దలాగా కనిపించేవారు. సకియూసా అయితే తను తవ్విన గోతి పక్కన పార పట్టుకుని, రాజదండం పట్టుకున్నట్టు కూర్చున్నాడు.

ఆ వారమే నా ఫొటో మొదటి పేజీలో పడింది. నాలుగు కాలాల వెడల్పు, మంత్రిగారు, కత్తెర, నవ్వు. సాయంత్రం బస్టాండులో వేయించిన బఠానీలు కొంటే, బఠానీల గఫూర్ ఆ మంత్రి మొహాన్నే పొట్లం చుట్టి ఇచ్చాడు. ఏడో పేజీలోని సకియూసాని మాత్రం జాగ్రత్తగా కత్తిరించి బండికి అంటించుకున్నాడు.

"గఫూర్ భాయ్, మంత్రి కన్నా సమాధులు తవ్వేవాడు ఎక్కువా?"

"మంత్రి మళ్లీ ఎన్నికల దాకా రాడు. సకియూసాతో నాకెప్పుడైనా పని పడొచ్చు" అన్నాడు.

ఆమె గుట్టేమిటో కనిపెట్టాలని నేను చెయ్యని పని లేదు. ముందు లెన్సు అనుకున్నాను. ఆమె టీకి వెళ్లినప్పుడు సంచీ వెతికాను. పాత కెమెరా, దానికి కొబ్బరిపీచు తాడు, అంచు గీసుకుపోయిన చిన్న లెన్సు ఒకటి. ఒక దువ్వెన, కొబ్బరినూనె సీసా, కాగితంలో చుట్టిన యంగోనా వేరు. అంతే. తరవాత వెలుతురు అనుకున్నాను. ఆమె ఏ వేళకి వెళ్తే ఆ వేళకి వెళ్లాను. నా ఫొటోల్లో జనం పోలీస్ స్టేషన్లో కూర్చున్నట్టే ఉన్నారు. కొబ్బరినూనె కూడా రాసుకుని చూశాను. దోమలు వచ్చాయి.

ఇలా ఉండగా ఒక శుక్రవారం తాహిర్ సాబ్ నన్ను పిలిచాడు.

"దొరసామీ, వచ్చే వారం మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడని వేద్దాం. నలభై ఏళ్లుగా ఒకే చోట కూర్చుంటోందట. అచ్చమ్మ అని..."

"సాబ్, అచ్చమ్మ మా అమ్మ."

"తెలుసయ్యా. అందుకే ముందు నీకు చెబుతున్నాను."

"అయితే ఇంకేం, ఫొటో నేనే తీస్తాను."

సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయన కళ్లద్దాలు తుడిచాడంటే చెడ్డ వార్త వస్తోందని అర్థం. "మీ అమ్మని అడిగానులే. ఉనైసిని పంపమంది."

అచ్చుయంత్రం నడిపే మెలి ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. ఇంటికి వెళ్లాను. అమ్మ చిక్కుడుకాయలు కట్టలు కడుతోంది.

"అమ్మా, కన్నకొడుకుని నేను ఊళ్లో ఉండగా పరాయిమనిషితో తీయించుకుంటావా?"

"నువ్వు తీసిన నా ఫొటో ఒకటి ఉందిగా."

"ఏది?"

"పాస్‌పోర్టుది. అది చూసి సిడ్నీలో మీ అక్క, అమ్మనెవరో పట్టుకుపోయారని ఏడ్చింది."

"అది ప్రభుత్వం అలా తీయమంది!"

"ప్రభుత్వం నన్ను ఏడిపించమందా? పక్కకి జరుగు, కాయలు తొక్కుతున్నావు."

సాయంత్రం ఆఫీసు వెనకగదిలో చాప పరిచి యంగోనా కలిపారు. నేను మూడు కొబ్బరిచిప్పలు తాగాను. నాలుగో చిప్పకి నా నోరు నా మాట వినదు. "మా అమ్మ ఫొటో నాది కాక ఇంకొకరిది అచ్చయితే, ఏడాదిపాటు ఉనైసి సంచీ నేను మోస్తాను!" అన్నాను అందరి ముందూ.

చాప చివర కూర్చున్న ఉనైసి మెల్లగా అంది, "బరువేం లేదులే దొరా. లోపలున్నవి నీకు తెలిసినవేగా."

సంచీ వెతికిన సంగతి ఆమెకి తెలుసు! చిప్పలో మొహం పెట్టుకున్నాను. తాహిర్ సాబ్ తీర్పు చెప్పాడు. "ఇద్దరూ తీయండి. ఏది వెయ్యాలో అచ్చమ్మే చెబుతుంది." అందరూ మూడుసార్లు చప్పట్లు కొట్టారు. చాప మీద చప్పట్లు కొట్టాక మాట వెనక్కి తీసుకోవడం మా దగ్గర కుదరదు.

సోమవారం ముందు నేను వెళ్లాను. అమ్మ చోటు మార్కెట్ బయటి వసారాలో, మూడో స్తంభం పక్కన. జానెడెత్తు చెక్కపెట్టె మీద కూర్చుంటుంది, ముందు గోనెపట్టా మీద వంకాయలు, బెండకాయలు, మిరపకాయల కుప్పలు. నేను పక్కనున్న డాలో దుంపల పెట్టె తెచ్చుకుని దానిమీదికి ఎక్కాను. పైనుంచి చూస్తే కుప్పలన్నీ రంగవల్లుల్లా కనిపిస్తున్నాయి, మధ్యలో అమ్మ. ఏం చూపు నాది!

"గడ్డం పైకెత్తు. ఇంకొంచెం. కళ్లు చిట్లించకు. నవ్వకు."

"నవ్వుతున్నానా నేను?"

"మాట్లాడకు!"

ముప్పై ఆరు ఫొటోలు తీశాను. మధ్యలో ఒకావిడ పావుకిలో బెండకాయలు అడిగితే ఆగమన్నాను, ఆవిడ పక్క కొట్టుకి వెళ్లిపోయింది. అమ్మ నన్ను చూసిన చూపు ముప్పై ఏడోది, అది రీల్లో లేదు.

మంగళవారం ఉనైసి వచ్చింది. నేను డాలో బస్తాల వెనక దాక్కుని చూశాను. దాక్కున్నానని మీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, యుద్ధంలో ఇవన్నీ ఉంటాయి. ఆమె వస్తూనే కెమెరా తియ్యలేదు. అమ్మ ముందున్న గోనెపట్టా అంచున, వట్టి నేల మీద, నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ సర్దుకుని కూర్చుంది. చిక్కుడుకాయలు అందుకుని కట్టలు కట్టడం మొదలుపెట్టింది. గంట. ఆ తరవాత ఇంకో గంట. ఎవరో మిరపకాయలకి బేరమాడితే, "అక్క చెప్పిందే ధర" అని ఆమే గద్దించింది. ఇద్దరూ ఏవో మాట్లాడుకుంటున్నారు, నాకు వినపడి చావడం లేదు. పైన వేలాడుతున్న సంచీ అందుకోవాల్సి వచ్చి, మా అమ్మ తల మీదుగా చెయ్యి చాపుతూ, "తిలౌ, అక్కా" అని క్షమాపణ అడిగి మరీ చాపింది. మళ్లీ కూర్చుంది.

అప్పుడు మా అమ్మ నవ్వింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి. ఆ నోట్లో వెనకవైపు ఒక పన్ను మెరిసింది. మా అమ్మకి బంగారు పన్ను ఉంది! ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె చేతి వంట తింటున్నాను, రోజూ ఆమె తిట్లు తింటున్నాను, ఆ పన్ను నేనెప్పుడూ చూడలేదు. ఒక పరాయిమనిషి చిక్కుడుకాయలు కట్టి చూసింది. ఆ క్షణంలో నాకు ఆమె పేజీ మీద కాదు, ఆ రెండు గంటల మీద కుళ్లొచ్చింది.

ఉనైసి కూర్చున్నచోటే ఒళ్లోంచి కెమెరా ఎత్తి నాలుగు ఫొటోలు తీసింది. నాలుగే.

ఆఫీసులో రీళ్లన్నీ కడిగే పని నాదే. చీకటి గదిలో రెండు రీళ్లూ నా చేతిలో ఉన్నాయి. ఆమెది కుడిచేతిలో. తలుపు వేలెడు తెరిస్తే చాలు, నలభై ఏళ్ల మార్కెట్ తెల్లకాగితం అయిపోతుంది. తలుపు గడియ మీద చెయ్యి వేశాను కూడా. కానీ ఆ రీల్లో ఉన్నది మా అమ్మ నవ్వు. దాన్ని చంపడానికి చెయ్యి రాలేదు. పైగా నేను అబద్ధాలాడేవాణ్ణే కానీ పాడుచేసేవాణ్ణి కాను.

అందుకే అబద్ధం ఆడాను.

నా దాంట్లో మంచిది ఒకటి, ఆమె దాంట్లో మంచిది ఒకటి అచ్చు తీసుకుని మార్కెట్‌కి వెళ్లాను. అమ్మ ఇంగ్లీషు చదవలేదు, వెనక రాసిన పేర్లతో పని లేదు. ఉనైసి తీసింది ముందు ఇచ్చాను. "ఇది నేను తీసింది." తరవాత నాది ఇచ్చాను. "ఇది ఉనైసిది. పాపం, వయసైపోయింది కదా, చెయ్యి వణికినట్టుంది."

అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని రెండూ అందుకుంది. చాలాసేపు చూసింది. నవ్వుతున్నదాని మీద వేలు పెట్టింది.

"ఇది వెయ్యమను."

"చూశావా! చెప్పానా నేను!"

"ఉనైసికి చెప్పు, బాగా తీసిందని."

"అమ్మా, అది నాది! ఉనైసిది రెండోది!"

అమ్మ రెండో ఫొటో నా మొహం ముందు పెట్టింది. "ఇందులో నేను ఎటు చూస్తున్నాను?"

"పైకి."

"పైన ఎవరున్నారు? డాలో పెట్టె ఎక్కి నువ్వున్నావు. వెనకాల ఏముంది? సిమెంటు నేల, జనం చెప్పులు. ఇదిగో, ఇందులో చూడు. కిందకి చూస్తున్నాను. వెనకాల కప్పు, దాని అవతల ఆకాశం. కింద కూర్చున్నదెవరో నాకు తెలియదా?"

నేను ఎక్కిన డాలో పెట్టె పక్కనే ఉంటే, కాలితో వెనక్కి నెట్టాను.

"నలభై ఏళ్లు ఇక్కడ కూర్చుని వచ్చినవాళ్లందర్నీ తలెత్తే చూశానురా. బెండకాయలు కొనేవాళ్లని, మునిసిపాలిటీ వాళ్లని, ఆఖరికి నిన్ను. నాకంటే కింద కూర్చుని నాతో మాట్లాడిన మనిషి ఆ ఒక్కతే." ఒక వంకాయ తీసి తుడిచి మళ్లీ కుప్ప మీద పెట్టింది. "అబద్ధం ఆడితే ఆడావు, ముందు ఫొటోలు చూసుకుని ఆడాలి కదా."

అదన్నమాట గుట్టు. లెన్సు కాదు, వెలుతురు కాదు. పద్నాలుగేళ్లు నా కళ్ల ముందే నేల మీద కూర్చుని ఉంది, నేను నిలబడి వెతికాను. ఆఫీసుకి పోయి ఉనైసి మీద విరుచుకుపడ్డాను.

"కూర్చుని తీస్తావని ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పావా అక్కా?"

"చెప్పడానికేముంది?"

"అదే కదా నీ విద్య!"

"విద్యేమిటి దొరా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "పెద్దవాళ్లు కూర్చునుంటే ఎదురుగా ఎలా నిలబడతాం? మా అమ్మ చూస్తే కాళ్లు విరగ్గొట్టేది. ఆ బాయిలర్ ఆయన ఆ రోజు కూర్చుని లేవలేదు. నేనూ కూర్చున్నాను. ఆయన మాట్లాడాడు. విన్నాను."

"మరి నాలుగు గంటలు?"

"మూడున్నర గంటలు ఆయన కథే."

ఇంకా మంటెక్కింది. ఆమె కష్టపడి నేర్చిన విద్యకి నేను కుళ్లుకున్నాననుకుంటే కనీసం మర్యాదగా ఉండేది. అది ఆమెకి విద్యే కాదు, కోరోలో పిల్లలకి నడక తరవాత నేర్పే సంగతి. నేను పద్నాలుగేళ్లు కుళ్లుకున్నది ఒక కూర్చోవడాన్ని చూసి!

శనివారం అమ్మ నవ్వు ఏడో పేజీలో వచ్చింది. కింద ఉనైసి పేరు. గఫూర్ సకియూసాని కాస్త పక్కకి జరిపి అమ్మని అంటించాడు. ఇంట్లో అమ్మ పటం కట్టించి పెట్టింది. నేను తీసింది కూడా పారెయ్యలేదులెండి, మార్కెట్లో మిరపకాయల బస్తాకి గుచ్చింది. దొంగలు రారట.

సోమవారం నుంచి సంచీ నా భుజానికి ఎక్కింది. ఊరంతా చూసింది. "దొరా, పెళ్లెప్పుడు, సారె మోస్తున్నావు?" అని మెలి, "సంచీలో నువ్వూ పడతావా?" అని టాక్సీల వాళ్లు. మొదటి రోజు పురోహితుడు శివప్రసాద్ ఇంటికి వెళ్లాం. ఆయన పీట మీద, ఉనైసి చాప మీద, నేను వెనకాల స్తంభంలా. ఉనైసి వెనక్కి చూడకుండానే నా ప్యాంటు పట్టుకుని కిందకి లాగింది. "కూర్చో. ఆయన నీతో మాట్లాడాలంటే మెడ నొప్పెడుతుంది." కూర్చున్నాను. మోకాళ్లు రెండూ పటపటమన్నాయి, పురోహితుడి ఆవు బెదిరింది. ఆరు నెలలు అలా కూర్చున్నాను. కూర్చుంటే మనుషులు చెప్పేవి వినాల్సి వస్తుంది, అదొక శిక్ష. మధ్యలో నా కథ చెప్పబోతే ఉనైసి మోచేత్తో పొడిచేది.

ఏడో నెలలో ఆమె మేనకోడలి పెళ్లికని కోరో వెళ్లింది. ఆ వారం బస్టాండులో చెప్పులు కుట్టే రామ్‌బిలాస్ వంతు. సాబ్ కళ్లద్దాలు తుడుస్తూ నన్నే పంపాడు. రామ్‌బిలాస్ కూర్చునేదే నేల మీద. కూర్చుంటే ఆయనకి సమానం అవుతాను కానీ కింద కాను. పొద్దున్నంతా ఆయన మాటలు విన్నాను, సూదికి దారాలెక్కించి ఇచ్చాను. ఆ తరవాత బస్టాండు మధ్యలో బోర్లా పడుకున్నాను. బా వెళ్లే బస్సు ఆగింది, దాని వెనక నాందీ బస్సు ఆగింది. మొత్తం పదకొండు బస్సులు ఆగాయి. మీరు రెండనుకున్నా నాకు అభ్యంతరం లేదు. మూడు ఫొటోలు తీశాను.

శనివారం ఏడో పేజీలో, నా పేరుతో, రామ్‌బిలాస్. ఒళ్లో ఎవరిదో బూటు, వెనకాల ఆకాశం. గఫూర్ కత్తిరించాడు! నా కళ్లతో చూశాను. పేపరు చంకలో పెట్టుకుని మార్కెట్‌కి నడిచాను. ఆ పొద్దుటే కోరో పడవ దిగిన ఉనైసి అమ్మ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఆమె సంచీ అందుకుని అలవాటుగా భుజాన వేసుకుని, పేపరు అమ్మ చేతిలో పెట్టాను. పొగడ్త కోసం ఎదురుగా నిలబడ్డాను.

అమ్మ చూసింది. మొహం విప్పారింది. "ఎంత బాగా తీశావు ఉనైసీ!"

"అమ్మా, అది నేను తీసింది!"

"సరేలేరా. ఆ అబద్ధం ఒకసారి ఆడావుగా."

"దేవుడి మీద ఒట్టు! కింద పేరు చూడు!"

"చదవలేననేగా నీ ధైర్యం. ఇది కింద నుంచి తీసింది. నువ్వు నిలబడే మనిషివి."

ఏం చెయ్యను? పడవ మునగకుండా ఆగిందంటే నమ్మిన ఊళ్లో, నోరు తెరిచి నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. చివరికి ఉనైసే మెల్లగా అంది, "నేను కోరోలో ఉన్నానక్కా. దొరే తీశాడు. బస్టాండులో బోర్లా పడుకున్నాడట, బా బస్సు డ్రైవరు చెప్పాడు."

అమ్మ నన్ను చూసింది. పేపరు చూసింది. నా కొత్త చొక్కా ముందుభాగానికి ఇంకా వదలని బస్టాండు మసి చూసింది. "వీడా? పడుకునా? అంత జనంలోనా?"

నవ్వింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి, కళ్లనీళ్లు వచ్చేలా. బంగారు పన్ను మెరిసింది, ఈసారి నన్ను చూసి. నా కెమెరా ఆఫీసులో ఉంది.

"తిలౌ, దొరా" అంటూ ఉనైసి నా భుజాన ఉన్న సంచీలోకి చెయ్యి పెట్టి, తన పాత కెమెరా తీసుకుని, కూర్చున్నచోటు నుంచే మా అమ్మని ఫొటో తీసింది.